పైపు దీదీ: గ్యాస్ గీజర్ పొగగొట్టాలతో నా ఉద్యోగం

నా పేరు సుగుణ. జగదల్‌పూర్‌లో గ్యాస్ గీజర్లు అమ్మే ఒక దుకాణంలో ఫిట్టర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. కానీ బస్తర్‌లో నన్ను సుగుణ అని పిలిచినవాళ్లు తక్కువ. హిందీవాళ్లు, హల్బీవాళ్లు, మన తెలుగువాళ్లు, అందరికీ నేను 'పైపు దీదీ'నే. ఒక పెళ్లిలో పంతులుగారు కూడా "పైపు దీదీకి తాంబూలం ఇవ్వండి" అన్నారు.

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివాను. ఆడపిల్లకు రెంచీ ఎందుకని ఎవరూ పని ఇవ్వలేదు. ఆ దుకాణం యజమాని, మా సేఠ్‌జీ ఇచ్చాడు. అది ఔదార్యమేమీ కాదు. గీజర్ బిగించాలంటే బాత్‌రూమ్ దాకా వెళ్లాలి, చాలా ఇళ్లలో పరాయి మగవాణ్ని అంతవరకూ రానివ్వరు. వంటింటి గుండా, పెరటి గుండా నన్ను మాత్రం చేయి పట్టుకుని తీసుకెళ్లేవారు. దారిలో ఆ ఇంటి సంగతులన్నీ చెప్పేవారు. ఈ పనికి ఆ సంగతులు ఎంత అవసరమో తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు, అబ్బాయిలు అప్పుడప్పుడు ఫోన్ చేసి సలహా అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

పని అంటే ఏమిటి

గీజర్‌ను గోడకు తగిలించడం పని కాదు. మేకు కొట్టడం వచ్చిన ఎవరైనా అది చేస్తారు. లోపల గ్యాస్ మండుతుంది, ఆ మండిన గాలిని ఇంటి బయటికి పంపాలి. అసలు పని అదే. గ్యాస్ లీకైతే వాసన వస్తుంది కాబట్టి అందరూ పరుగెత్తుతారు. మంట సరిగ్గా మండక, ఆ గాలి గదిలోనే తిరిగితే పుట్టే విషానికి వాసన లేదు, రంగు లేదు, కళ్లు కూడా మండవు. ముందు తలనొప్పి, తర్వాత తల తిరగడం, ఆ తర్వాత హాయిగా నిద్ర. ఆ హాయే ప్రమాదం.

పైపు పెట్టడానికి సూత్రాలు కొన్నే. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి పైపు కూడా పైకే పోవాలి. అడ్డంగా నడిపించక తప్పకపోతే మూరకు వేలి మందమైనా ఎత్తు పెరుగుతూ పోవాలి. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. గీజర్ మూతి ఎంత వెడల్పుంటే పైపూ అంతే వెడల్పుండాలి, మధ్యలో సన్నం కాకూడదు. అతుకులు స్క్రూలతో బిగించాలి. బయటి మూతికి వాన పడకుండా, పిట్ట దూరకుండా టోపీ ఉండాలి. ఎవరి కిటికీకీ దగ్గరగా ఉండకూడదు. ఇంతే. ఒక పూటలో నేర్చుకోవచ్చు. ఈ సూత్రాలకు మనుషులను ఒప్పించడానికే నాకు సర్వీసంతా పట్టింది.

మా సేఠ్‌జీ

సేఠ్‌జీ నాకు నేర్పిన పాఠం ఒకే వాక్యం. "సుగుణా, పైప్ లగా దో, ఫొటో భేజ్ దో, ఆ జావో." పైపు పెట్టు, ఫొటో పంపు, వచ్చెయ్. పైపు ఎటు పోతుందన్నది ఆ వాక్యంలో ఎక్కడా లేదు.

కొనేవాళ్లు "పైపు తప్పనిసరా?" అని అడిగితే, "మీ ఇష్టం, కొందరికి బాగుంటుంది" అనేవాడు, చీరకు అంచు గురించి చెప్పినట్టు. చెడ్డవాడు కాడు. కంటికి కనపడనిది ఉందంటే నమ్మలేకపోయేవాడు, అంతే. దేవుణ్ని మాత్రం నమ్మేవాడు. అది వేరే సంగతి అని ఆయనే చెప్పాడు.

అందుకే మేము పైపులు బిగించిన ఇళ్లకు మళ్లీ వెళ్లి చూడటం అలవాటు చేసుకున్నాను. గనుల టౌన్‌షిప్‌లో ఒకాయన పైపు వెచ్చగా ఉంటుందని మేజోళ్లు ఆరేసుకున్నాడు. ఒకావిడ బయటికి పోయే పైపును విప్పి పక్కగదిలోకి తిప్పించుకుంది. "ఇంత వేడి ఊరికే బయటికి పోతుంటే మనసొప్పలేదు దీదీ" అంది.

అన్నిటికంటే అందమైన పైపును ఒక విశ్రాంతి గృహంలో చూశాను. ఏటవాలు కొలిచినట్టుంది, అతుకులు ముత్యాల్లా ఉన్నాయి, పైన వెండి రంగు వేశారు. గోడ దాకా వెళ్లి గోడకు ఆనుకుని ఆగిపోయింది. అవతల వైపు వెళ్లి చూశాను. కన్నం లేదు.

"కన్నం ఏదీ?" అని చౌకీదారును అడిగాను.

"పైపు పని ఒక ఠేకేదారు కాంట్రాక్టు దీదీ. కన్నం పని ఇంకొకాయనది. కన్నం ఇంకా మంజూరు కాలేదు."

"మరి ఇన్నాళ్లూ ఇక్కడ స్నానాలు చేసినవాళ్లకు ఏమీ కాలేదా?"

"ఎవరు చేశారు? నీళ్ల కనెక్షన్ మూడో ఠేకేదారుది."

ఆ మూడో ఆయన బద్ధకానికి మనసులోనే దండం పెట్టి బయటికొచ్చాను.

గీదంలో గోడ

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన ఇంటి సంగతి చెబుతాను. ఒక చలికాలంలో గీదం నుంచి ఫోన్ వచ్చింది. బట్టల దుకాణం మాణిక్యంగారు. వాళ్ల అమ్మాయికి కోంటలో సంబంధం కుదురుతోంది.

"అమ్మా సుగుణా, మాకు కాబోయే వియ్యంకుడు ముహూర్తం పెట్టుకోను వస్తున్నడు. ఆయన వేన్నీళ్లు లేకపోతే స్నానం చెయ్యడంట. స్నానం చెయ్యంది మాట్లాడడంట. మాట్లాడకపోతే ముహూర్తం ఎట్లా పెట్టేది? ఇక్కడ కరెంటును నమ్ముకుంటే పెళ్లి ఆగిపోతది. గ్యాస్ గీజరే పక్కా."

సామాను పట్టుకుని బస్సెక్కాను. ఇల్లు పెద్దది. వెనకవైపు స్నానాలగది, దానికి ముందు బట్టలు మార్చుకునే చిన్న గది, రెండింటి మధ్య గోడలో పైన జాలీ. గీజర్‌ను స్నానాలగదిలో కాకుండా ముందుగదిలో పెడతానన్నాను. ముందుగది తలుపు కింద సందు ఉంది. మంటకు కావలసిన గాలి అక్కడి నుంచి వస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. పైపు బయటికి పోవడానికి మాత్రం ఒక్కటే గోడ ఉంది. మాణిక్యంగారు ఆ గోడను చూసి తల దించుకున్నారు.

"ఆ గోడ వద్దమ్మా. పైన ఫాల్స్ సీలింగ్ ఉన్నది గదా, దాంట్లకు వదిలెయ్. ఎవరికీ కనపడదు."

"కనపడదండీ. ఆ తర్వాత మీరు కూడా ఎవరికీ కనపడరు."

ఆయన నేల వైపు చూశారు. "పోనీ, మురుగునీళ్ల మోరీలోకి?"

"వేడిగాలి కిందికి పోదండీ, పైకే పోతుంది."

"మెల్లగ అలవాటు చేస్తే?"

ఆయన నిజంగానే అడిగారు. దుకాణంలో ఎంతో మందిని మెల్లగా దారికి తెచ్చిన మనిషి, గాలిని కూడా తేవచ్చనుకున్నారు.

చివరికి అసలు సంగతి బయటపడింది. ఆ గోడకు అవతల ఆయన తమ్ముడు జగన్నాథం టిఫిన్ హోటల్ ఉంది. అన్నదమ్ములకు ఏళ్ల తరబడి మాటల్లేవు. కారణం ఒక ఫొటో. ఎవరి పెళ్లిలోనో కుటుంబమంతా కలిసి దిగిన ఫొటోకు ఫ్రేము సరిపోకపోతే అంచు కత్తిరించారు. ఆ అంచులో జగన్నాథం పోయాడు. ఒక భుజం, ఒక చేయి మిగిలాయి. అన్న కావాలనే కోయించాడని తమ్ముడు, ఫ్రేములవాడు కోశాడని అన్న. ఆ ఫొటో ఇప్పటికీ మాణిక్యంగారి ఇంటి హాల్లో వేలాడుతోంది. చూశాను. చివర్న ఎవరిదో తెలియని చేయి ఒకటి పెళ్లికూతురును దీవిస్తున్నట్టుంది.

గాలి ఎవరిది

వాళ్లు మాట్లాడుకోరు కాబట్టి రాయబారం నామీద పడింది. గోడ చుట్టూ తిరిగి హోటల్‌కు వెళ్లాను. జగన్నాథం ఇడ్లీ పాత్ర మూత తీస్తూ విన్నాడు.

"అన్న వదిలిన గాలి నా ఇంట్లకు రావొద్దు."

"అది అన్నగారు వదిలేది కాదండీ. గీజర్ వదిలేది."

"గీజర్ ఎవరిది?"

"అన్నగారిదే."

"మరి?"

గోడ చూద్దామని పెరట్లోకి నడిచాను. కన్నం రావలసిన చోటుకు ఎదురుగానే అతని వంటగది కిటికీ ఉంది. అక్కడ పైపు మూతి పెడితే ఆ గాలి తిన్నగా వంటగదిలోకి పోతుంది. అతను చెప్పిన కారణం అర్థం లేనిది, కానీ వద్దనడం మాత్రం సరైనదే. ఆ మాట అతనితో అన్నాను.

జగన్నాథం ముఖం వెలిగిపోయింది. టిఫిన్ తింటున్న వాళ్లందరి వైపూ తిరిగాడు. "వినుర్రి! పైపు దీదీ గూడ నాదే కరెక్టంటున్నది! అన్న గాలి విషమంట!"

"అన్నగారి గాలి కాదండీ—" అన్నాను. ఎవరూ వినలేదు. ఒకాయన చప్పట్లు కొట్టాడు.

పరిష్కారం ఒకటే. పైపు గోడలోంచి బయటికొచ్చి, అక్కడే పైకి తిరిగి, గోడ వెంట నిట్టనిలువుగా పిట్టగోడ దాటాలి. అప్పుడు ఆ గాలి ఎవరి కిటికీలోకీ పోదు. అయితే గోడ వెంట ఎక్కేది మాత్రం తమ్ముడి వైపే.

"నా గోడ మీద ఎక్కుతదా?" అన్నాడు జగన్నాథం.

"గోడ నాది గదా" అని ఇవతలి నుంచి మాణిక్యంగారు అరిచారు. తమ్ముడితో కాదు, నాతో అన్నట్టు.

అప్పుడు పైనుంచి వాళ్లమ్మ రత్తమ్మగారి గొంతు వినిపించింది. ఆవిడ ఉండేది మేడమీద గదిలో. ఆ గదికి రెండు తలుపులు, ఒకటి పెద్దకొడుకు ఇంట్లోకి, ఒకటి చిన్నకొడుకు ఇంట్లోకి. పొద్దున టిఫిన్ ఒకవైపు, రాత్రి భోజనం ఒకవైపు.

"ఏందిరా మీ గోల? గోడ నాది. మీ నాయిన నా పేరున కట్టించిండు. మీరిద్దరు చెరో పక్క సున్నం ఏసుకున్నరు, గంతే. పిల్లా, నువ్వు కన్నం పెట్టు."

తల్లి మాటకు జగన్నాథం ఎదురు చెప్పలేదు. కానీ షరతు పెట్టాడు. పైపు బిగించే ముందు కుటుంబమంతా మళ్లీ ఫొటో దిగాలి. అందులో అతను మొత్తం ఉండాలి, కాళ్లతో సహా. వెనకాల పైపు కూడా కనపడాలి, ఏ ఒప్పందం మీద దిగిన ఫొటోనో రేపు ఎవరూ మరిచిపోకుండా.

ఫొటోగ్రాఫర్ వచ్చాడు. అన్న ఆ చివర, తమ్ముడు ఈ చివర, మధ్యలో రత్తమ్మగారు కుర్చీలో. "దగ్గరికి జరగండి" అని ఫొటోగ్రాఫర్ ఎంత చెప్పినా ఇద్దరూ కుర్చీ వైపు వాలారు తప్ప కాళ్లు కదపలేదు. పైపుకు ఇంకా క్లాంపులు బిగించలేదు. అందుకని నిచ్చెన మీద నిలబడి నేను దాన్ని పట్టుకోవలసి వచ్చింది. ఇప్పుడు ఆ రెండిళ్లలోనూ ఉన్న కుటుంబ చిత్రంలో అందరి తలల మీదా పైపును కౌగిలించుకుని నవ్వుతున్నది నేనే.

సాయంత్రానికి పని పూర్తయింది. తలుపులు వేసి, గీజర్ వెలిగించి, దాని పైమూతి పక్కన అగరొత్తి పట్టుకున్నాను. ఇది మీరు ఎప్పుడూ మరవొద్దు. అగరొత్తి పొగ పైపులోకి లాగేసుకుంటే పైపు పనిచేస్తున్నట్టు. పొగ మన ముఖం మీదికి వస్తే గీజర్ ఆపేసి మళ్లీ మొదటి నుంచి చూడాలి. పొగ చక్కగా లోపలికి పోయింది. మాణిక్యంగారికి చూపించాను. ఆయన అగరొత్తికి దండం పెట్టారు.

"తలుపు కింద సందు మూయొద్దు, దేన్నీ మార్చొద్దు" అని చెప్పాను. ఆయన బుద్ధిగా తల ఊపారు. తల ఊపడం అంటే ఒప్పుకోవడం కాదని ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

పద్యం

ఆ రాత్రి రత్తమ్మగారి గదిలో పడుకున్నాను. పొద్దున్నే వియ్యంకుడు కొండలరావుగారు జీపులో దిగారు. భారీ మనిషి. కోంటలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. కుర్రతనంలో నాటకాల్లో పద్యాలు పాడారట. ఇప్పుడు స్నానాలగదిలో తప్ప ఎక్కడా పాడరట. "గొంతుకు ఆవిరి తగలాలె" అన్నారు.

నేను గోడ అవతలికి వెళ్లి జగన్నాథం హోటల్ పెరట్లో ఇడ్లీ తింటూ కూర్చున్నాను. పద్యం మొదలైంది. గొంతు నిజంగానే గొప్పగా ఉంది. హోటల్లో తింటున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. పాదం చివర రాగం ఎత్తుకుంటే ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో తెలియలేదు.

రాగం వింటూ అలవాటుగా పైపు వైపు చూశాను. చలి ఉదయం. గీజర్ మండుతుంటే టోపీ కింద నుంచి తెల్లటి ఆవిరి రావాలి. నీళ్ల చప్పుడు వస్తోంది. పద్యం వస్తోంది. ఆవిరి మాత్రం లేదు. వీటన్నిటి వెనకాల గుయ్యిమని ఇంకేదో మోత.

"ఆ మోత ఏమిటి?" అన్నాను.

"ఫ్యాను" అన్నాడు జగన్నాథం. "పొద్దున్నే అన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించిండు. మొన్ననే తెచ్చిన పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను. అద్దం మీద ఆవిరి పడితే వియ్యంకుడికి ముఖం కనపడదంట."

చేతిలో ఇడ్లీ అలాగే ఉండిపోయింది. స్నానాలగదిలో ఫ్యాను గాలిని బయటికి తోస్తోంది. అంత గాలి లోపలికి ఎక్కడి నుంచో రావాలి. తలుపు కింద సందు నుంచి రావాలి. అది కూడా మూసేస్తే ఇక మిగిలింది ఒక్కటే దారి, నా పైపు. బయటి గాలి పైపులోంచి కిందికి దిగుతోంది. మండిన గాలి గదిలోకి తన్నుకొస్తోంది.

"తలుపు కింద ఏమన్నా పెట్టారా?" అని పెరటి గోడ మీదుగా అరిచాను.

"రగ్గు!" అని మాణిక్యంగారు సంతోషంగా బదులిచ్చారు. "చలిగాలి రాకుండ!"

"గీజర్ ఆపమనండి! తలుపు తీయమనండి!"

అప్పటికే రాగం జారుతోంది. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తోంది. మధ్యలో చిన్నగా నవ్వు.

"ఎంత భావంతో పాడుతున్నడో!" అన్నారు మాణిక్యంగారు.

"బావగారూ, తలుపు తీయండి!" అని ఇంట్లో ఎవరో తలుపు కొట్టారు.

"పద్యం... అవ్వలే..." అని లోపలి నుంచి మెల్లగా వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

గోడ చుట్టూ తిరిగి, మాణిక్యంగారి పెరట్లో ఉన్న సిలిండర్ దగ్గరికి పరుగెత్తి ముందు గ్యాస్ కట్టేశాను. వెనక్కి తిరిగేసరికి జగన్నాథం నా నిచ్చెన ఎక్కి పెరటి గోడ దూకుతున్నాడు. చేతిలో పొయ్యికట్టెలు కొట్టే గొడ్డలి.

ఏళ్ల తరబడి మాట్లాడని తమ్ముడు గొడ్డలితో గోడ దూకితే ఏ అన్నైనా ఏమనుకుంటాడు? మాణిక్యంగారు "అమ్మా! వీడు నన్ను చంపుతున్నడే!" అని అరుస్తూ పెరడంతా పరుగు తీశారు. తమ్ముడు తలుపు వైపు పోతుంటే ఆయన కూడా ఖర్మకాలి అదే వైపు పరుగెత్తారు.

"నువ్వు గాదన్నా! తలుపు! తలుపు!" అన్నాడు జగన్నాథం.

ఫొటో గొడవ తర్వాత ఆ అన్నదమ్ముల మధ్య నడిచిన మొదటి మాట అదే.

తలుపు విరిగింది. ఊపిరి బిగబట్టి లోపలికి పోయి, కొండలరావుగారిని ఇద్దరు అన్నదమ్ములూ చెరో చేయి పట్టుకుని, నేను కాళ్లు పట్టుకుని బయటికి లాగాం. నడుముకు తువ్వాలు ఉండటం మా అందరి అదృష్టం. విశాలంగా గాలి వచ్చేది హోటల్ ముందే కాబట్టి అక్కడికి మోసుకెళ్లి బల్ల మీద పడుకోబెట్టాం. తింటున్నవాళ్లు ప్లేట్లు తీసి చోటిచ్చారు. కాసేపటికి ఆయన దగ్గారు, వాంతి చేసుకున్నారు, కళ్లు తెరిచారు. రత్తమ్మగారు పైనుంచి దిగివచ్చి నా తల మీద చేయి పెట్టారు.

ఆసుపత్రికి తీసుకెళ్తే ఆక్సిజన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు చెప్పారు.

ఆ రోజు నుంచి నేను ఏ ఇంటికి వెళ్లినా పైపు కంటే ముందు ఇల్లంతా చూస్తాను. ఎక్కడెక్కడ ఫ్యాన్లున్నాయి, ఏ సందులో ఏం కుక్కారు, రేపు ఎవరు చుట్టం వస్తున్నారు. ఏది మార్చినా మళ్లీ అగరొత్తి వెలిగించాలి. చెడ్డబుద్ధితో పైపును పాడుచేసినవాళ్లను నేను ఒక్కరిని కూడా చూడలేదు. మాణిక్యంగారు రగ్గు కుక్కింది చుట్టానికి చలి వేయకూడదనే. మర్యాద చేసే ఇళ్లకు వెళ్లేటప్పుడు మరింత జాగ్రత్తగా ఉండండి.

సమాధి

ఆసుపత్రిలో మాణిక్యంగారు తలుపు దగ్గరే నిలబడిపోయారు, సంబంధం పోయిందనే దిగులుతో. కొండలరావుగారు చేయి ఊపి దగ్గరికి పిలిచారు.

"బావా, నా జన్మల అట్లా పాడలే. రాగం ఎత్తుకున్న. ఇగ తేలిపోయిన. పాడేది నేను గాదు, ఇంకెవరో. సమాధి అంటే అదే."

"అది గ్యాస్ అండీ" అన్నాను.

"నీకు పద్యం తెలుసా అమ్మా?"

"తెలియదండీ."

"మరి?"

డాక్టరు కూడా గ్యాసేనన్నారు. ఆయనకూ పద్యం తెలియదని తేలింది. ముహూర్తం ఆసుపత్రి మంచం మీదే పెట్టుకున్నారు. ఇంత మంచి శకునమున్న ఇల్లు దొరకదని కొండలరావుగారి అభిప్రాయం.

కోంటలో

పెళ్లయిన తర్వాత ఒకరోజు సేఠ్‌జీ పిలిచాడు. కోంట నుంచి కొండలరావుగారు గీజర్ కావాలంటున్నారట. గీదంలో ఉన్నట్టే ఉండాలట. ఫ్యానుతో సహా, రగ్గుతో సహా.

"గ్రాహకుడు అడిగింది ఇచ్చెయ్. పైప్ లగా దో, ఫొటో—"

"ఫ్యాను పెడితే నేను వెళ్లను సేఠ్‌జీ. ఆ ఫొటోకు దండ వేయాల్సి వస్తుంది."

సేఠ్‌జీ ఆర్డరు పుస్తకంలో ఫ్యానును కొట్టేశాడు. నేను ఒక్కదాన్నే కోంట వెళ్లాను.

ఇంటికి చేరగానే కొండలరావుగారి భార్య నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేశారు. చిన్న గొంతుతో అడిగారు. "నిజం చెప్పమ్మా. ఈయన ఊరంతా చెప్పుకుంటున్నడు. నిజంగ సమాధేనా?"

"కాదు పిన్నిగారూ. చావు. సగం దారిలో ఆపాం."

ఆవిడ చేతిలో ఉన్న గరిటె కింద పెట్టారు. కళ్లు తుడుచుకుని, "ఫ్యాను పెట్టకు. ఏమన్న అంటే నేను చూసుకుంట" అన్నారు.

గీజర్‌ను స్నానాలగదికి దూరంగా, వెనక వరండాలో పెట్టాను. వరండా మూడు వైపులా తెరిచే ఉంటుంది. పైపు ఒక్క వంపు కూడా లేకుండా తిన్నగా కప్పు దాటి పోయింది. నా సర్వీసులో అంత సులువైన పని ఇంకోటి లేదు. అగరొత్తి వెలిగిస్తే పొగ దారం లాగినట్టు లోపలికి పోయింది.

కొండలరావుగారు కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, దేవుడికి దండం పెట్టుకుని స్నానానికి వెళ్లారు. ఆవిడ తలుపుకు చెవి ఆనించి నిలబడ్డారు. నేను పైపు టోపీ వైపే చూస్తూ నిలబడ్డాను. తెల్లగా ఆవిరి వస్తోంది. పద్యం మొదలైంది. రాగం ఎక్కింది, తిరిగింది, దిగింది. పద్యం పూర్తయింది. ఇంకోటి ఎత్తుకున్నారు. అదీ పూర్తయింది. మూడోది సగంలో ఆపేసి, తలుపు తీసుకుని బయటికొచ్చారు. ముఖం వేలాడిపోయింది.

"ఏందమ్మా ఇది? మొదలుపెట్టిన, పాడిన, అయిపోయింది. ఉత్త నీళ్లే."

"అవునండీ."

"గీదంల పనితనం వేరు" అన్నారు, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా.

ఆవిడ మాత్రం నాకు రెండోసారి కాఫీ పోశారు. గ్లాసు అందిస్తూ నా చేయి కాసేపు వదల్లేదు.

నేను జగదల్‌పూర్ చేరేలోపే ఆయన దుకాణానికి ఫోన్ చేశారు. సేఠ్‌జీ తల పట్టుకుని కూర్చున్నాడు.

"సుగుణా, కోంట నుంచి శికాయత్ వచ్చింది. నువ్వు పెట్టిన పైపుతో స్నానం చేస్తే ఏమీ జరగలేదట. ఏం చేద్దాం?"

"అలాగే ఉంచుదాం సేఠ్‌జీ" అన్నాను.